చెప్పకుండా వేసిన రెండు డయోడ్లు

రాజయ్య పాత రేడియోల గాజు వాల్వులను ఒక్కొక్కటిగా పాత బనియను గుడ్డతో తుడిచి అట్టపెట్టెలో పడుకోబెడుతున్నాడు. మూసాపేట మెట్రో పక్క సందులో ఆయన షాపు. షాపంటే ఒక బల్ల, ఒక ఫ్యాను, పక్కకు తిరిగితే గోడ. ముప్ఫై ఆరేళ్లుగా రేడియోలు, మైకుసెట్లు, వాల్వు యాంప్లిఫైయర్లు బాగుచేసిన ఆ బల్లను ఈ నెలాఖరుకు ఖాళీ చేస్తున్నాడు. కళ్లు సహకరించడం లేదు. రెసిస్టరు మీద విలువ చెప్పే ఎర్ర గీతకూ నారింజ గీతకూ తేడా తెలియక మొన్న ఒకటి తప్పు వేశాడు. వెంటనే పట్టుకున్నాడు గానీ, ఇక చాలనుకున్నాడు.

మానేస్తున్నందుకు బాధ లేదు. ఒక్క సంగతే గొంతులో ముల్లులా ఉంది.

రాజయ్యకు ఒక పద్ధతి ఉంది. మూత బిగించేముందు సెట్టు యజమానిని పిలిచి, అడుగు భాగమంతా చూపించి, మార్చిందేమిటో చెప్పి, తీసేసిన భాగాన్ని చేతిలో పెడతాడు. తెల్లాపూర్ నరసింహమూర్తి గారికి మాత్రం అలా చూపించలేదు. పోయిన దసరాకు వాల్యూమ్ గరగరలాడుతోందని ఆయన యాంప్లిఫైయరు తెచ్చారు. కాలేజీ రోజుల్లో స్వయంగా కట్టుకున్నది. ట్రాన్స్‌ఫార్మర్‌కు తీగ కూడా తన చేత్తోనే చుట్టుకున్నారట.

"ఒరిజినల్ ఒరిజినల్‌గానే ఉండాలండి. ఇంకేమీ ముట్టుకోవద్దు" అని మూడుసార్లు చెప్పారు. రాజయ్య మూడుసార్లూ సరేనన్నాడు. ఆయన వెళ్లాక లోపల చూస్తే, ఏసీ కరెంటును డీసీ చేసే వాల్వు ముసలిదైపోయింది. అది లోపల షార్టయిందంటే ట్రాన్స్‌ఫార్మరు మాడిపోతుంది, అలాంటిది మళ్లీ దొరకదు. మనసు ఊరుకోలేదు. కరెంటును ఒకే దిక్కుకు పోనిచ్చే డయోడ్లు, వడ్లగింజంతవి రెండు, సాకెట్ కింద వేసి నల్ల గొట్టంలో దాచేశాడు.

"పోయి చెప్పరాదు? తిడితే తిడ్తడు, కొట్టడు గదా" అని భార్య భూలక్ష్మి అప్పటినుంచీ పోరుతూనే ఉంది. ఈయన కాలు కదల్లేదు. రేపు ఇంకో మెకానిక్ ఆ మూత విప్పితే రాజయ్య దొంగపని చేశాడంటాడు. ముప్ఫై ఆరేళ్ల మాట అక్కడితో సరి.

పదకొండింటికి ఫోను మోగింది.

"రాజయ్యగారూ, నేనండి, మూర్తిని. వాల్వులో నీలంగా మెరుపొచ్చి ఫట్‌మందండి. వెంటనే ప్లగ్గు పీకేశాను."

రాజయ్యకు మొదట తోచింది ఆ డయోడ్లే. గొట్టం జారి డయోడు కాలు పక్క పిన్నుకు తగిలిందా? కాపాడబోయి తానే కాల్చాడా?

"ఫికర్ చేయకుండ్రి సార్, వస్తున్న" అన్నాడు. ఫికరంతా ఇటువైపే ఉంది.

బస్సు హైటెక్ సిటీ సిగ్నళ్ల దగ్గర ఆగినప్పుడల్లా సంచిలోని మీటరును తడుముకున్నాడు. తెల్లాపూర్‌లో అపార్ట్‌మెంట్ల గేటు దగ్గర వాచ్‌మన్లు ఫొటో తీశారు, లిఫ్టు దగ్గర మళ్లీ తీశారు. పెళ్లినాడు కూడా ఇన్ని ఫొటోలు దిగలేదు పాపం.

మూర్తిగారు జ్వరమొచ్చిన పిల్ల నుదుటిమీద పెట్టినట్టు యాంప్లిఫైయరు మీద చెయ్యి వేసుకుని కూర్చున్నారు. రాజయ్య అడుగు మూత విప్పి ముందు ముక్కు పెట్టాడు. మాడు వాసన లేదు. గొట్టం జారలేదు. మీటరు పెడితే ముసలి వాల్వు ఒక్కటే షార్టయింది. సంచిలోంచి కొత్తది తీసి పెట్టి, ప్లగ్గుకు మధ్యలో ఒక బల్బు కలిపి స్విచ్ వేశాడు. లోపల ఏదైనా మాడి ఉంటే ఆ బల్బు భగ్గున వెలిగి అలాగే ఉండిపోతుంది. బల్బు వెలిగింది. ఇద్దరూ దానికేసే చూశారు. నెమ్మదిగా తగ్గి తగ్గి ఎర్ర తీగలా నిలిచింది. డయోడ్లు అడ్డుపడి ట్రాన్స్‌ఫార్మరును కాపాడాయి.

రాజయ్యకు ప్రాణం లేచొచ్చింది. బల్బు తీసేసి పెడితే పాట కూడా వచ్చింది. మూర్తిగారు కళ్లు మూసుకుని తలాడిస్తున్నారు. ఇప్పుడు మూత బిగించుకుని వెళ్లిపోతే అడిగేవాళ్లు లేరు. రాజయ్య స్విచ్ ఆపి ప్లగ్గు తీసేశాడు.

"ఇటు రాండ్రి సార్, జర చూడుండ్రి. మీకు చెప్పకుండ గీ రెండు పెట్టిన, దసరాకు. మీరు వద్దన్నరు. వాల్వు పోతే ట్రాన్స్‌ఫార్మర్ పోవద్దని పెట్టిన. తప్పే."

మూర్తిగారు కళ్లజోడు పెట్టుకుని వంగి చూశారు.

"చెబితే ఒప్పుకునేవాణ్ణి కాదండి" అన్నారు. "మొండివాణ్ణి."

మూత తిరగేశారు. లోపలివైపు నీలం సిరాతో గీసిన సర్క్యూట్ బొమ్మ అతికించి ఉంది, ఆయన కాలేజీనాటి దస్తూరీ. పెన్సిలు తెచ్చి రాజయ్య చేతిలో పెట్టారు.

"ఈ బొమ్మ ఇప్పుడు తప్పు చెబుతోందండి. మీరే సరిచేయండి."

రాజయ్య వంగి, వాల్వు పక్కన డయోడ్లకు గుర్తుగా రెండు బాణాలు గీశాడు.

"పేరు కూడా రాయండి."

ఏ సెట్టు మీదా తన పేరు రాసుకోలేదు ఆయన. ఒక్కో అక్షరం దిద్దినట్టు రాశాడు.

"ఈ నెలతోటి షాపు బంద్ సార్. కండ్లు కనిపిస్తలేవు."

"అయ్యో. మరి మళ్లీ చెడితేనండి?"

"ఎవరన్న విప్పనియ్యుండ్రి సార్" అన్నాడు రాజయ్య. ఎన్నాళ్లకో హాయిగా నవ్వాడు. నాలుగు స్క్రూలు బిగించి, చచ్చిన వాల్వును ఆయన చేతిలో పెట్టి, సంచి భుజాన వేసుకుని వెళ్లిపోయాడు.

ఆ మూత వెనక, పసుపెక్కిన కాగితం మీద, యాభై ఏళ్ల నీలం సిరా పక్కన నల్లటి పెన్సిలు బాణాలు రెండు, వాటి కింద కొంచెం వంకరగా, రాజయ్య, మూసాపేట.