ముందు శశికళ ఎక్కాల

చేతులు లోపలికి పోకుండా ప్రెస్సు మెషీనుకు అడ్డంగా గార్డు ఉంటుంది. పని వేగంగా సాగాలని కంపెనీ దాన్ని ఊడబీకించింది. శశికళ కుడిచెయ్యి మణికట్టు దాకా నలిగిపోవడం పక్క మెషీను దగ్గరున్న చంద్రిక కళ్లారా చూసింది. ఆసుపత్రి నుంచి ఇల్లు చేరకముందే శశికళ ఉద్యోగం ఊడింది. ఒంటిచేతి మనిషికి నరసాపురం ఫ్యాక్టరీల్లో ఇంకెవడు పనిస్తాడు? గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఇదే.

ఆమెతో పాటు ఆ కంపెనీలో పనిచేసే ఆండర్సన్‌పేట ఆడవాళ్లు, ఆమెకు న్యాయం చేయమని లేబర్ ఆఫీసు చుట్టూ తిరిగారు. పాత చట్టం రద్దయిందన్నాడు ఆఫీసరు. మళ్లీ వెళితే, కొత్త చట్టం వచ్చింది గానీ రూల్సు రాలేదన్నాడు. రూల్సు వచ్చేసరికి వాటికి సవరణ వచ్చిందన్నాడు. ఆహా, ఏం సర్కారమ్మా! వానాకాలంలో కుక్కగొడుగులైనా ఇంత జోరుగా మొలవవు. ఇన్ని చట్టాలు చేసినవాళ్లకు ఒక్క మెషీనుకు గార్డు బిగించడం చేతకాలేదు. సమ్మె చేయాలంటే ముందే నోటీసివ్వాలట. అందరూ కలిసి సెలవు పెట్టినా సమ్మేనట. కోడిగుడ్డుకు ఈకలు పీకే పనికి జీతాలు, జీపులూ!

ఆ సాయంత్రం చంద్రిక వాకిట్లో అందరూ కూడారు. పని ఆపుదామని కొందరంటే, ఉద్యోగం పోతే పిల్లలకేం పెట్టాలని సవిత గట్టిగానే అడిగింది. సగం మంది ఆమె వైపే ఉన్నారు. అప్పుడు చంద్రిక అవ్వ మునిలక్ష్మమ్మ నోరు విప్పింది. ఆమె మొగుడు గనిలో పనిచేసి పోయినవాడు.

“గనిలో దెబ్బ తగిలినోడే పైకి తెచ్చే కేజ్‌లో ముందర ఎక్కేది. వాడు ఎక్కినాకనే మిగతావాళ్లు. మేనేజరైనా ఆగాల్సిందే. అది ఏ కానూనులో రాసిండాదమ్మా?”

తెల్లారి కంపెనీ బస్సు వచ్చింది. చంద్రిక శశికళను మెట్టు ముందు నిలబెట్టింది. ఆమెను ఎక్కించుకోవద్దని ఆర్డరుందని డ్రైవర్ గిరీశ్ తల వంచుకుని చెప్పాడు. శశికళ వెనక వరస అట్లాగే నిలిచిపోయింది. అందులో సవిత కూడా ఉంది. ఖాళీ బస్సు ఊరికే రొదపెడుతోంది.

లేబర్ ఆఫీసరు పోలీసులను వెంటేసుకుని దిగాడు. ఇది నోటీసు లేని సమ్మె అన్నాడు.

“సమ్మె యాడుండాది సార్?” అంది చంద్రిక. “పనికి పోయేకే వచ్చినాము. ముందర ఆమె ఎక్కాల. ఇంగ మేమూ ఎక్కుతాము.”

చెయ్యి పోయిన మనిషి వెనక వరస కట్టకూడదని ఏ సెక్షన్‌లో ఉందో ఆఫీసరు ఫోన్‌లో తెగ వెతికాడు. దొరకలేదు. దొరక్కపోతేనేం, చట్టాలకు కరువా? పక్క హోటల్లో టీ మరిగేలోపే అక్కడ గుంపుగా నిలబడరాదని కొత్త ఉత్తర్వు పుట్టింది. వెనకే వ్యానూ వచ్చింది. ఇన్‌స్పెక్టర్ చంద్రికను ఎక్కమన్నాడు. ఆమె కదల్లేదు.

“ముందర శశికళ, సార్.” ఈసారి ఆ మాట అన్నది సవిత.

శశికళ ఎడమచేత్తో కమ్మీ పట్టుకుని వ్యాను ఎక్కింది. వెనకే చంద్రిక, సవిత, ఒకరి తర్వాత ఒకరు. వ్యాను నిండిపోయింది. ఇన్‌స్పెక్టర్ ఇంకో వ్యాను కోసం ఫోన్ చేస్తున్నాడు. సందుల్లోంచి ఇంకా ఆడవాళ్లు వచ్చి వరస చివర నిలబడుతున్నారు.