లాండ్రీ వ్యానులో బురద

ఏటి ఒడ్డున ఉన్న చిన్న మురుగునీటి కేంద్రాన్ని చూసుకునే ఆవిడను కాలనీలో అందరూ మురుగమ్మ అనేవారు. మొదట్లో వెక్కిరింపుగా అన్నా, పోనుపోను అదే పేరు ఖాయమైపోయింది. ఇళ్ళ నుంచి వచ్చే మురికినీరు ఆమె తొట్లలో చేరేది. కంటికి కనబడని పురుగులు ఆ మురికిని తినేస్తే, తేటపడ్డ నీరు ఏట్లోకి పోయేది. "నా మందకి మేత అక్కర్లేదు, గాలి ఆడితే చాలు" అని ఆమె నవ్వుతూ చెప్పేది.

ఒక ఉదయం ఆమె వచ్చేసరికి తొట్టినిండా తెల్లటి నురగ కమ్మేసి ఉంది. గాలి పంపు బాగానే తిరుగుతోంది. గాజు గ్లాసుతో నీళ్ళు ముంచి చూసింది. రోజూ అయితే కాసేపటికే బురద అడుగుకు దిగి, పైన నీరు తేరుకునేది. ఈసారి ఎంతసేపు చూసినా కలక తగ్గలేదు. పురుగులు చచ్చిపోయాయని ఆమెకు అర్థమైంది.

ముందు ఏట్లోకి పోయే వాల్వు కట్టేసింది. వచ్చే నీటిని పక్కనున్న ఖాళీ తొట్టికి మళ్ళించింది. అదీ నిండితే కాలనీ కాలవలన్నీ ఎదురుతన్నుతాయి. అందుకే ఇంటింటికీ వెళ్ళి నీళ్ళు తక్కువ వాడమని బతిమాలింది.

"స్నానం కూడా మానెయ్యమంటావా ఏంటి?" అని దర్జీ కసిరాడు.

"మానొద్దు బాబాయ్, ఒక్క బకెట్టుతో సరిపెట్టుకోండి. పాటలు పాడుకుంటూ పోసుకోకండి, అంతే."

దర్జీ నవ్వు ఆపుకోలేక సరేనన్నాడు.

వీధి చివరి లాండ్రీ ఆమె ఆడపడుచుది. ఇద్దరికీ మాటలు అంతంతమాత్రం. "మా తమ్ముడి పెళ్ళాం దగ్గర కూర్చుంటే కంపు" అని నలుగురిలో వదిన అన్న మాట మురుగమ్మ ఇంకా మరిచిపోలేదు. గుమ్మంలో అడుగు పెట్టగానే బ్లీచింగ్ వాసన గుప్పుమంది. మూలన పెద్ద పీపా బోర్లించి ఉంది.

"వదినా, ఆ పీపా కాలవలో ఒంపారా?"

"నిన్న సాయంత్రం ఒంపేశా. పాతబడిందని కొత్తది తెప్పించాను. అయినా అది శుభ్రం చేసే మందేగా, నీకూ మంచిదేగా?"

"నా పురుగులన్నీ చచ్చిపోయాయి."

"పురుగులు చస్తే ఏడుస్తావేంటే!"

మురుగమ్మకు కోపం నషాళానికంటింది. తిట్టబోయి తమాయించుకుంది.

"అవి లేకపోతే ఆ నీళ్ళు అట్లాగే ఏట్లో కలుస్తాయి వదినా. చేపలన్నీ తేలిపోతాయి. పక్క ఊరి కేంద్రంలో పురుగులు బతికున్న బురద ఇస్తామన్నారు. తెచ్చుకుందామంటే ఆ కంపు మోయడానికి ఏ బండివాడూ ఒప్పుకోవట్లేదు."

వదిన ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి, వ్యానులో పేర్చిన తెల్లదుప్పట్లను దించడం మొదలుపెట్టింది.

"అయ్యో వదినా, అది ఉతికిన బట్టల బండి!"

"నాకు తెలీదా? ఒంపింది నేను. మాటలాపి ఎక్కు."

తిరుగు ప్రయాణంలో వెనక పీపాల నిండా గోధుమరంగు బురద తొణుకుతోంది. వదిన కొంగు ముక్కుకు చుట్టుకుని నడుపుతోంది.

"ఆ మూతలు పెట్టకూడదా?"

"వాటికి గాలి ఆడాలి వదినా."

"మరి మనకి ఆడక్కర్లేదా?"

ఇద్దరూ ఒకళ్ళనొకళ్ళు చూసుకుని పగలబడి నవ్వారు. పెళ్ళయి ఈ ఇంటికొచ్చాక వదినతో కలిసి అలా నవ్వడం మురుగమ్మకు అదే మొదలు.

పాడైన నీటిని తోడేసి, కొత్త బురద పోసి, మురుగును కొద్దికొద్దిగా వదులుతూ ఆమె తొట్టిని కనిపెట్టుకుని ఉంది. నురగ విరిగింది. వారం తిరిగేసరికి గ్లాసులో బురద అడుగుకు దిగడం మొదలైంది. అప్పుడు గానీ ఆమె ఏటివైపు వాల్వు తిప్పలేదు.

వ్యాను మాత్రం ఎంత కడిగినా చాన్నాళ్ళు కంపు కొట్టింది. బట్టలు ఇంటికి పంపడం మానేసి, వదిన అడిగినవాళ్ళందరికీ జరిగింది దాచకుండా చెప్పింది. ఇప్పుడు ఏ మందు పారబోయాలన్నా ముందు మరదలికి కబురు పెడుతోంది.

ఒక మధ్యాహ్నం ఇద్దరూ నీరు ఏట్లో కలిసే చోటికి వెళ్ళారు. చిట్టిచేపలు గుంపుగా ప్రవాహానికి ఎదురీదుతున్నాయి. వదిన వంగి కాసేపు చూసింది. తర్వాత చెప్పులు విడిచి, కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని నీళ్ళలోకి దిగింది.

"రావే, చల్లగా ఉన్నాయి" అంది.