సద్దుల రోజు సీసీ రోడ్డు

మా ఆయన సాంబమూర్తిగారికి ఎల్బీనగర్ చుట్టుపక్కల రోడ్లన్నీ సొంత బిడ్డలు, మా వీధి ఒక్కటే సవతి బిడ్డ. మున్సిపల్ ఇంజనీరుగా ఆయన పని చేయించని కాలనీ లేదు. మన్సూరాబాద్‌లో మా ఇంటి ముందు మాత్రం వానొస్తే నాట్లు వేసుకోవచ్చు. ఎప్పుడడిగినా ఒకటే పాట: "సొంత వీధికే ముందు వేయించుకుంటే జనం ఏమనుకుంటారే?"

"జనం ఏమీ అనుకోరండీ, జారి పడతారు" అనేదాన్ని. వింటేగా! పెళ్లికి వెళ్తే పెళ్లికూతుర్ని చూడకముందే ఫంక్షన్ హాలు మెట్లు చూసే మనిషి. దిల్‌సుఖ్‌నగర్‌లో నేను చీర బేరమాడుతుంటే ఈయన బయట మ్యాన్‌హోల్ మూత మీద కాలేసి ఊగుతుందా లేదా అని చూస్తుంటారు. ఒకసారి అది నిజంగానే ఊగింది. ఇంకేం, మనుషులొచ్చి బాగుచేసేదాకా అక్కడే నిలబడ్డారు. నేను చీర పట్టుకుని ఒక్కదాన్నే ఆటోలో ఇంటికొచ్చాను.

అందరికీ వేయగా వేయగా, ఆయన రిటైరయ్యే నెలలో మా వంతు వచ్చింది. మంజూరైందని చెప్పిన రోజు నేను దేవుడికి కొబ్బరికాయ కొట్టాను. గేటు ముందు సిమెంటు నేల మీద ఎంత పెద్ద ముగ్గు పట్టొచ్చో అప్పుడే ఊహించేసుకున్నాను.

ఆ ఏడే నాకు ఇంకో సంబరం కూడా వచ్చింది. ఎదురింటి మల్లమ్మగారిది పోచంపల్లి పక్క నేతవాళ్ల కుటుంబం, దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల కొట్టుంది. మేము తణుకు నుంచి వచ్చి ఇన్నేళ్లయినా, వీధిలో బతుకమ్మ ఆడుతుంటే నేను గేటు లోపల నిలబడి చూసేదాన్నే. వాళ్లు వద్దన్నారని కాదు, ఎలా కలవాలో తెలియక. ఈసారి ఆవిడే వచ్చి నా చెయ్యి పట్టుకున్నారు.

"ఎన్నేండ్లు గిట్ల గేటు కాడ నిలబడి సూస్తవమ్మా? ఈసారి నువ్వు గూడ పూలు పేర్చాలె, ఆడాలె. నేను నేర్పిస్త."

సాయంత్రాలు వాళ్ల డాబా మీద పాఠాలు. అందరూ కుడికి తిరిగితే నేను ఎడమకి తిరిగేదాన్ని. "గట్ల గాదు, మల్ల జెయ్" అని నవ్వేవారు. ఈ వయసులో నాకొక స్నేహితురాలు దొరికిందని ఎంత మురిసిపోయానో చెప్పలేను.

పండగలో ఆఖరిదైన సద్దుల బతుకమ్మ రోజు రానే వచ్చింది. పెరట్లో కూర్చుని తంగేడు, గునుగు, బంతి వరసలు వరసలుగా పేరుస్తూ లోకం మరిచిపోయాను. వీధి అవతలి చివర నుంచి ఏదో గర్రుమంటూనే ఉంది, పట్టించుకోలేదు. పేర్చడం అయ్యాక చెయ్యి కడుక్కుని బయటికొచ్చి చూద్దును కదా, నెత్తిన హెల్మెట్టుతో మా ఆయన! ఆయన వెనక కాంక్రీటు లారీ. ఆ లారీ వెనక వీధి పొడవునా తడి తడిగా, నున్నగా కొత్త రోడ్డు.

"ఇవాళేంటండీ ఈ పని?"

"సెలవు కదే! బళ్లు తిరగవు, అందరూ ఇళ్లల్లో ఉంటారు. కాలు పెట్టేవాడుండడు. ఇంతకంటే మంచి రోజు దొరుకుతుందా?"

"సాయంత్రం వీధిలో బతుకమ్మండీ!"

ఆయన మొహం తెల్లబోయింది. "అది గుడి దగ్గర కదా ఆడేది?"

హవ్వ! ఇన్నేళ్లూ ప్రతి పండక్కీ ఏదో ఒక సైటు మీదుండి, ఇంటి ముందు ఏం జరుగుతుందో తెలుసుకోని మగాణ్ని ఏమనాలి? నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. అనబోయేలోపే మల్లమ్మగారు గోడ పక్కనే నడుచుకుంటూ వచ్చారు.

"ఏంది సారూ గిది? ఏడాదికొక్క దినం. గా దినమే దొరికిందా మీకు?" అని ఆయన్ని కడిగేసి, నా వైపు తిరిగారు. "నువ్వన్న జెప్పొద్దా? సరే తియ్యి. మేము మా చుట్టాల కాలనీకి పోతం. నీ రోడ్డు నువ్వే ఉంచుకో."

ఆయన్ని ఎన్నైనా అననీ, నన్ను ఆ మాట అనేసరికి కళ్లల్లో నీళ్లు గిర్రున తిరిగాయి. ఆవిడ వెనక్కి తిరిగి వెళ్లిపోతున్నారు.

మా ఆయన హెల్మెట్టు తీసి చేత్తో పట్టుకున్నారు. "ప్రభా, తప్పు నాదే. మన గేటు ముందు మూల ముక్క ఒక్కటే మిగిలింది. అది ఆపేస్తే ఆడుకోవడానికి చోటుంటుంది. కానీ ఆపితే మళ్లీ ఎప్పుడు పడుతుందో చెప్పలేను. నెలాఖరుకి నేను దిగిపోతున్నాను. నువ్వే చెప్పు."

కాంట్రాక్టరు నరేష్‌కుమార్ తొందరపెట్టాడు. "జల్ది జెప్పుండ్రి మేడమ్, కాంక్రీటు మాల్ గట్టి పడతది. వద్దంటే తుర్కయంజాల్ సైట్ల పోసుకుంట."

ఎన్నేళ్లు ఎదురుచూశానండీ ఆ రోడ్డు కోసం! ఎన్ని చీరల కుచ్చిళ్ల బురద ఉతుక్కున్నాను! మల్లమ్మగారు అప్పటికే వాళ్ల గేటు తీస్తున్నారు.

"పంపించెయ్యవయ్యా ఆ లారీని! మల్లమ్మగారూ, ఆగండి! మా గుమ్మం ముందు ఆడదాం!" అని వీధంతా వినపడేలా అరిచాను.

ఉద్యోగంలో ఏ పనీ సగంలో ఆపని మనిషి, ఆ మధ్యాహ్నం పార పట్టుకుని మా గేటు ముందు గుంటలు స్వయంగా పూడ్చారు. నీళ్లు చల్లారు. సాయంత్రం ఆడవాళ్లు బతుకమ్మలు నెత్తిన పెట్టుకుని గోడవారగా ఒకరి వెనక ఒకరు వస్తుంటే, ఈయన కర్ర పట్టుకుని "జాగ్రత్తమ్మా, గోడకి ఆనుకుని రండి, ఇటు కాలు పెట్టొద్దు" అంటూ కేకలు. నేను మొదటి చుట్టులోనే ఎడమకి తిరిగాను. మల్లమ్మగారు భుజం పట్టి కుడికి తిప్పారు. "రోడ్డు ఇడిసి మమ్మల్ని పట్టుకున్నవ్ గద, ఇగ ఎటు తిరిగితే ఏంది!" అన్నారు. కడుపు నిండిపోయింది. సత్తుపిండి ప్రసాదం పంచుకున్నాక ఈయనకీ ఇంత పెట్టారు.

ఆయన రిటైరయ్యారు. వానలకి మా గేటు ముందు మళ్లీ మడుగు కట్టింది. ఆఫీసుల చుట్టూ తిరగమంటే, "పదవిలో ఉండగా అడగనివాణ్ని, ఇప్పుడెలా అడుగుతానే" అన్నారు. తీరా మరుసటేడు బతుకమ్మకి ముందు కొత్త ఇంజనీరు ఉపేంద్ర తనంతట తనే మంజూరు పట్టుకుని వచ్చాడు. నేను సంతోషంతో కాఫీ కలపడానికి లోపలికి వెళ్లి వచ్చేసరికి, గేటు ముందు మల్లమ్మగారు, ఆవిడ వెనక వీధిలోని ఆడవాళ్లంతా!

"గా ముక్క గట్లనే ఉండనియ్యి సారూ. మట్టి మీద ఆడినట్టు సిమెంటు మీద కాలు ఆడదు. ఇగ ఏటేట మా బతుకమ్మ గీడనే."

ఉపేంద్ర బిక్కమొహం వేశాడు. "మీరైనా చెప్పండి సార్. మీ ఇంటి ముందే కదా!"

మా ఆయన నా వైపు చూశారు. నేను కాఫీ గ్లాసు ఉపేంద్ర చేతిలో పెట్టాను. ముగ్గు గుర్తొచ్చింది, బురద గుర్తొచ్చింది. అయినా పోయి మల్లమ్మగారి పక్కన నిలబడ్డాను.

ఆయన తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నారు. "మా ఇంటి ముందు కాదు బాబూ, అది వీధిది. వాళ్లు వద్దంటే వద్దు" అన్నారు.

వీధిదేనట! మరి బురద కడుక్కునేది ఎవరండీ?