పందులకు పెండ్లి పిలుపు

ఓబులం నరసింహస్వామి అందరి మాదిరి పెండ్లికొడుకు కాదు. పత్రికలు పంచమని మనుషులను పంపి తాను ఇంట్లో కూర్చునే రకం కాదు. కనుమ నాడు అహోబిలం కొండ దిగి, పల్లకీ ఎక్కి, నలభై దినాలకు పైగా ఊరూరా తిరిగి "నా పెండ్లి, మీరంతా రావాల" అని తానే చెప్పి పోతాడు. దాన్నే పారువేట అంటారు. పల్లకీ వచ్చిన పొద్దు నల్లమల కాళ్ళ కిందుండే నాగలక్ష్మమ్మ వాళ్ళ ఊర్లో మడక కట్టరు, కొడవలి పట్టరు, కాలికి చెప్పు తొడగరు.

నాగలక్ష్మమ్మకు మాత్రం ఇది సాలదు. "మనుషులకు చెప్తే అయిపోతాదా? గొడ్డూ గోదా పెండ్లికి రావద్దా? వాటిల్లో ఉండేది ఎవరనుకున్యారు, ఆయప్పే గదా!" అంటాది. అందుకని ప్రతి ఏడూ పల్లకీ కాడ అక్షింతలు అడుక్కోని, కొంగున ముల్లె కట్టుకోని, ఒక్కొక్క జీవం దగ్గరికీ పోతాది. ఎనుముకు నాలుగు గింజలు, కుక్కకు నాలుగు, చీమలపుట్టకు నాలుగు. "పెండ్లికి రాప్పా" అని చెప్పి, దండం పెట్టి వస్తాది. ఊర్లో నవ్వేవాళ్ళు నవ్వుతారు. ఒకసారి ఎవరో ఆకతాయి "అవ్వా, మా ఇంట్లో బల్లికి చెప్పలేదంట, అలిగింది" అన్నాడు. ఆమె నిజంగానే వాని ఇంటికి పోయి, గోడ మింద బల్లికి చెప్పి వచ్చింది. ఇంగ నవ్వేదెట్లా?

ఆమె కొడుకు ఓబుళేశు కూడా నవ్వేవాడే, కాకపోతే చాటున నవ్వేవాడు. అమ్మంటే ప్రాణం వానికి. నాయన పోయినప్పటి నుంచి ఆ మూడెకరాల చేనూ అమ్మా తప్ప వేరే లోకం ఎరగడు. పెండ్లాం స్వర్ణలత "నీకు నేను రెండో పెండ్లాన్ని, మొదటిది మీయమ్మ" అని ఎకసెక్కం ఆడతా ఉంటాది.

ఈ ఏడు పల్లకీ వచ్చే పొద్దు, తెల్లవారి సద్ది తింటా, చెవులు మందం గాబట్టి కొంచెం గట్టిగానే, నాగలక్ష్మమ్మ అన్నది. "ఓబుళేసూ, ఈసారి అడవిపందులకూ చెప్పాలరా. ఇన్నేండ్లూ మర్సిపోయినా. మన చేన్లోనే తింటాండాయి, చుట్టాల లెక్కనే గదా. ఎగువ ఓబులానికి పోయే దావలో ఆయప్ప పంది మొగంతోనే కూర్చోనుండె, నువ్వూ చూసినావు."

ఓబుళేశు తల వంచుకోని నవ్వినాడు. పిలువు మా, బాగా పిలువు, పెండ్లికి కాదు వాటి సావు దినానికి పిలువు అని లోపల అనుకున్నాడు. అంత పాడుమాట ఆ పొద్దు ఎట్ల వచ్చిందో వానికే తెలీదు.

కారణం లేకపోలేదు. పోయినేడు మొక్కజొన్న కంకి పాలు పోసుకునే యాళకు పందులు దిగి మూడెకరాలూ నేలమట్టం చేసిపోయినాయి. గింజ మిగల్లేదు. డబ్బాలు కట్టి మోగించినాడు, పాతచీరలు చుట్టూ కట్టినాడు, మంచె కట్టి కాపలా ఉన్నాడు. పందికి ఇవన్నీ తమాషా. ఈ ఏడూ మొక్కజొన్నే వేసి, వారం కింద చేను చుట్టూ మోకాలెత్తున ఇనప తీగె లాగి, దానికి మోటారు షెడ్డు నుంచి కరెంటు ఇచ్చినాడు. అది తప్పని తెలుసు, కేసు పెట్టి లోపలేస్తారనీ తెలుసు. అందుకే ఊరు సద్దుమణిగినాక తొమ్మిదింటికి స్విచ్చి వేసి, కోడి కూయక ముందే తీసేస్తాండాడు. అమ్మకు చెప్పలేదు, పెండ్లానికి చెప్పలేదు. తెలిసింది చిన్నాయన కొడుకు చిన్న ఈరన్నకు ఒక్కనికే.

"ఈ పొద్దు స్వామి వస్తాడు. నా చేత్తో ఆ స్విచ్చి వెయ్యను, పాపం. నువ్వెయ్యి" అని ఈరన్నకు షెడ్డు తాళంచెవి ఇచ్చినాడు. ఏమి తెలివో చూడండి! చంపేది నేను గాదు, నా చెయ్యి గాదు, ఈరన్న చెయ్యి అంట. దేవునికి కండ్లు లేవనుకున్నాడో, లెక్కలు రావనుకున్నాడో.

సాయంత్రం ఐదు దాటినాక పల్లకీ ఊర్లోకి వచ్చింది. డప్పులు, మేళం, గోవింద నామం. పల్లకీ మింద గొడుగు పట్టే సేవ ఓబుళేశు ఇంటి వాళ్ళది, తాత కాలం నుంచి. గొడుగు ఎత్తినాక స్వామి అరుగు మింద కూర్చునే దాకా దించకూడదు, చెయ్యి మార్చకూడదు. ఓబుళేశు తల పైకెత్తి గొడుగు పట్టుకోని ఒక్కొక్క అడుగే వేస్తాండాడు. ఇంటింటి కాడా హారతి. పొద్దు కొండల మిందికి వాలింది.

నడిబజార్లో జనంలో ఎవరో కొత్త చొక్కాతో ఎగిరి ఎగిరి డప్పుకు చిందేస్తాండారు. చూస్తే చిన్న ఈరన్న.

"ఒరే, తొమ్మిదికి గదా పోవాల, మర్సిపోవాకు" అన్నాడు ఓబుళేశు, పెదాలు కదిలీ కదలకుండా.

"ఎప్పుడో ఏసొచ్చినా న్నా!" అన్నాడు ఈరన్న చిందు ఆపకుండానే. "స్వామిని ఇడిసిపెట్టి ఆ చీకట్లో మళ్ళా ఎవరు పోతారు? ఈ పొద్దు చేన్లకాడ పురుగు గూడా ఉండదులే."

ఓబుళేశు జనంలో అమ్మ కోసం వెదికినాడు. ఎప్పుడూ పల్లకీకి కుడిపక్క నడుస్తాది. లేదు. ఎడమ పక్కా లేదు. హారతి తట్టతో స్వర్ణలత కనపడింది.

"అమ్మ యాడ?"

"అక్షింతలు తీసుకోని చేనికి పాయె. పందులకు చెప్పొస్తా అనె. నువ్వూ విన్యావు గదా పొద్దున."

"ఎంతసేపాయె?"

"ఇప్పుడే... ఒక అరగంట. ఏమాయె నీకు, మొగం అట్లయింది?"

చెప్పు లేని కాళ్ళు. మోకాలెత్తు తీగె. చెవులు సరిగ్గా వినపడని మనిషి. ఓబుళేశు గొడుగు ఈరన్న చేతిలో పెట్టినాడు. "ఓరే, ఓరే!" అని పెద్దాయన శేషన్న అరిచినాడు. "నీకేం పోయేకాలం రా, స్వామి నడిబజార్లో ఉంటే గొడుగు ఇడుస్తావా!" ఓబుళేశుకు ఆ మాట వినపడలేదు. జనాన్ని తోసుకోని, పల్లకీకి వీపు చూపించి ఉరికినాడు.

చేను మైలు దూరం. బండి ఇంటి కాడ ఉంది, జనం అవతల. ఫోన్ చేద్దామంటే చేన్లకాడ ఎవరున్నారు? ఊరంతా పల్లకీ చుట్టే ఉంది. ఈరన్న అన్నమాట నిజమే, పురుగు గూడా లేదు, వాళ్ళమ్మ తప్ప. కాళ్ళకు గాజుపెంకో ముల్లో దిగింది, చూసుకోలేదు. స్వామీ, స్వామీ అని మొక్కబోయి, ఏ మొగంతో మొక్కాలో తెలీక మధ్యలోనే ఆగిపోయినాడు. పొద్దున అనుకున్న మాట వెంటబడి తరుముతాండాది. దినానికి పిలువు. దినానికి.

వంక దాటినాక దావ రెండుగా చీలుతాది. ఎడమకు పోతే మోటారు షెడ్డు. కుడికి పోతే అడవి పక్క గెనిమ, చేని గట్టు. అక్కడి నుంచి చూస్తే గెనిమ చివర వాళ్ళమ్మ ఎర్రచీర కనపడింది, అంత దూరాన, చిన్నగా. వంగి ఏమో చల్లతాండాది.

"మా! మా! ముట్టుకోవాకు! ఆడనే ఉండు!"

ఊర్లో డప్పు మోగతాండాది. ఆమె తిరగలేదు. ఇంకో అడుగు ముందుకు వేసింది.

అటు ఉరికితే అందుకుంటాడా? అందుకోకముందే తగిలితే? ఎడమకు తిరిగినాడు. షెడ్డు తలుపుకు తాళం. చెవి ఈరన్న మొలతాడుకు ఉంది. అడగడం మర్సిపోయినాడు, అదేమి బుద్ధో! రాయి తీసుకోని తాళం మింద కొట్టినాడు. ఒకసారి, రెండుసార్లు. మూడోసారి రాయి ఎత్తినప్పుడు అడవి పక్క నుంచి ఒక అరుపు వినపడింది.

ఒక్కటే అరుపు. చేన్లు దద్దరిల్లేటట్టు లేచి, పుటుక్కున తెగిపోయింది. అది మనిషిదో మృగానిదో వానికి తెలియలేదు. ప్రాణం పోయేటప్పుడు అందరి గొంతూ ఒకటే అని వాడు ఎప్పుడూ అనుకోలేదు.

నాలుగో దెబ్బకు తాళం ఊడింది. లోపలికి పడి ఫ్యూజు పీకి అవతల పారేసినాడు. ఇంగ ఉరకలేదు. పోతే చూడాల. చూడకపోతే ఇంకా బతికున్నట్టే. అట్ల అనుకుంటానే నడిచినాడు, గెనిమ పొడుగూతా, కంకులు భుజాలకు తగుల్తాంటే.

మసక పడింది. తీగె పక్కన ఎర్రచీర కనపడింది. నాగలక్ష్మమ్మ మోకాళ్ళ మింద కూలబడి ముందుకు వంగి ఉంది. ఆమె ముందర నల్లగా పెద్ద ఆడపంది, పక్కకు పడి. ఆమె చెయ్యి దాని మెడ మింద ఉంది. ఇద్దరిలో ఎవరూ కదలడంలేదు.

ఓబుళేశు నిలబడిపోయినాడు. అయిపోయింది. ఇద్దరూ పోయినారు. ఇద్దరూ అనుకున్నాడు, వాళ్ళమ్మా పందీ అని విడదీసి అనుకోలేదు.

అప్పుడు ఎర్రచీర కదిలింది. నాగలక్ష్మమ్మ తల తిప్పి చూసింది.

"వచ్చినావా నాయనా. ఏమాయనో చూడు దీనికి. నేను చెప్తాండా, అది ఇనబడినట్టే నాకెదురొచ్చె. తీగె తగిలి పడిపాయె. లేపుదామని పట్టుకున్యా. లేస్తలేదు."

ఆ మాటకు ఓబుళేశు పంది పక్కనే కింద కూర్చున్నాడు. ఇంకో గుక్క ఊపిరి ఆలస్యమై ఉంటే, ఆ చెయ్యి కరెంటుండంగానే ఆ మెడ మింద పడి ఉండేది. పంది ఇంకా వెచ్చగా ఉంది. పొదుగు పాలతో నిండి ఉంది. మొక్కజొన్నలోపల నాలుగైదు కూనలు కుయ్యిమని అంటాండాయి. దాని నుదుటి బిరుసు వెంట్రుకల్లో పసుపు గింజలు నాలుగు ఇరుక్కోని ఉన్నాయి.

వాడు ఏడ్సినాడు. మైలు దూరం అమ్మ కోసమని గొంతులో మోసుకొచ్చిన ఏడుపంతా ఆ పంది ముందర పెట్టినాడు. దాని చెవి పట్టుకోని "అమ్మా, అమ్మా" అని ఏడ్సినాడు. పడుండేది ఎవరు, పక్కన కూర్చునింది ఎవరు, ఏడ్సేది ఎవరు అని ఆ ఘడియలో వానికి తేడా తెలియలేదు. ఆ అరుపు తన కడుపులో నుంచే వచ్చినట్టు అనిపించింది.

నాగలక్ష్మమ్మ వాన్ని ఏడవనిచ్చింది. తరువాత తీగెను చూసింది. అది షెడ్డు దాకా పోయేది చూసింది.

"ఎవర్రా ఇది కట్టింది?"

ఈరన్న పేరు నాలిక చివరిదాకా వచ్చింది, దాన్ని మింగి అన్నాడు. "నేనే మా. కట్టిందీ నేనే, స్విచ్చి ఎయ్యమన్యదీ నేనే. రేపు ఫారెస్టోళ్ళ కాడికి పోయి చెప్తా. ఏం చేస్తే అది చెయ్యనీ."

ఆమె కొడుకు మొగం చూసింది, తెలియని మనిషిని చూసినట్టు. తరువాత కొంగు ముడి విప్పింది. గుప్పెడు కూడా లేవు గింజలు.

"నాకు మోకాళ్ళు పట్టుకున్యాయి, లెయ్యలేను" అన్నది. "దానికైతే చెప్పినా. పిల్లలకు చెప్పలేదు. నువ్వు చెప్పు."

అక్షింతలు వాని చేతిలో పోసింది. ఓబుళేశు లేచినాడు. తీగెను గుంజల నుంచి ఊడదీసి రెండు బారల సందు చేసినాడు. చేన్లోకి పోయి ఒక కంకి విరిచినాడు, పోయినేడు ఒక్కొక్క దాని కోసం గుండె బాదుకున్న కంకి. పై తొక్కు ఒలిచి సందులో పెట్టి, దాని మింద అక్షింతలు వేసినాడు. చేతులు జోడించినాడు గానీ నోరు లేవలేదు. తల్లిని చంపి పిల్లలను పెండ్లికి పిలిచే మొగం ఎవరికుంటాది?

ఊర్లో డప్పు ఆగింది. స్వామి అరుగు మింద కూర్చున్నట్టుంది.

"చెప్పురా" అన్నది వెనక నుంచి నాగలక్ష్మమ్మ.

"పెండ్లికి రాండప్పా" అన్నాడు ఓబుళేశు.

వాని గొంతు వినంగానే కూనలు బెదిరి మొక్కజొన్నలోపలికి పరిగెత్తినాయి. వాడు చేతులు దించలేదు. అట్లనే నిలబడి, మళ్ళా చెప్పినాడు.