చెట్టు తరఫున బతిమాలేది

“ఆ రంగులు తీసెయ్, చిక్కుడు గింజలు ఏరాలి” అంటూ అత్తయ్య గిన్నె తెచ్చి నా అవకాడో చెట్టు మీద పెట్టేసింది. చెట్టంటే కాగితం మీది చెట్టు. ఇంకా తడి కూడా ఆరలేదు. గిన్నె ఎత్తి చూస్తే కొమ్మల మధ్య గుండ్రంగా మచ్చ పడింది. ఒళ్లు మండిపోయింది నాకు. ఈ ఇంట్లో ఉన్నది ఒకటే బల్ల. దాని మీద మొక్కజొన్న రొట్టెలు చేసుకోవచ్చు, మా ఆయన సెల్విన్ మోటార్‌సైకిల్ సామానంతా పరుచుకోవచ్చు, ఆడపడుచు ఐరిస్ వచ్చి మోచేతులు ఆనించుకుని ఊళ్లోవాళ్ల సంగతులన్నీ చెప్పుకోవచ్చు. నేను బొమ్మ వేసుకుందామని కూర్చుంటే మాత్రం ఆ పూటే అందరికీ బల్లతో పని పడుతుంది.

“పిల్లల్లేనిదానికి పిల్లల పుస్తకాలేమిటో!” అని నా మొదటి పుస్తకం వచ్చిన రోజే అంది అత్తయ్య. సెల్విన్ అంత మొరటుగా అనడు. “బొమ్మలేగా, ఎక్కడికీ పారిపోవుగా, కాస్త కాఫీ పెట్టు” అంటాడు. లేచి పెట్టి వచ్చేసరికి కలుపుకున్న ఆకుపచ్చ ఎండిపోయి ఉంటుంది. మళ్లీ కలిపితే అదే ఆకుపచ్చ రాదని ఎవరికి చెప్పను? చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే.

ఇప్పుడు వేస్తున్నది పెరటి పుస్తకం. చదవడం రాని పిల్లలు కూడా చూసుకునేటట్టు, ఓ పాప తన పెరట్లో ఏడాది పొడుగునా చూసేవన్నీ అందులో ఉంటాయి. వానపాము, గుమ్మడితీగ, ఆకులు కోసుకుపోయే చీమల బారు, అన్నీ అయిపోయాయి. జూన్‌లో వచ్చే శాన్ హువాన్ పండగ పేజీ ఒక్కటే మిగిలింది. రాజధాని తెగుసిగల్పా నుంచి ఎడిటరమ్మ ఫోన్ చేసి, “చెట్టుని కొట్టే ముచ్చట వెయ్యి నోల్వియా, పిల్లలు పడీపడీ నవ్వుతారు. పక్క పేజీలో చెట్టు నిండా కాయలు వేసెయ్. అంతే, పుస్తకం అయిపోయింది” అంది.

అంతేనట! ఆ ముచ్చటేమిటో మా ఊరు మార్కాలాలో పుట్టిన ఏ పిల్లనడిగినా చెబుతుంది. పండగ పొద్దున కాయని చెట్టుని ఇంటి మగాడు బెల్టుతో బాదుతాడు. “కాస్తావా, నరికెయ్యమంటావా?” అని కేకలేస్తాడు. ఇంటి ఆడది ఒకతి అడ్డం వెళ్లి, మానుని కావలించుకుని, “ఈసారికి క్షమించు, వచ్చే ఏడు కాస్తుంది, నాది పూచీ” అని బతిమాలాలి. అందరూ నవ్వుతారు, తర్వాత కాఫీలు తాగుతారు. మా పెరటి అవకాడో నా పెళ్లినాటికే పూతకొచ్చిన చెట్టు. విరగబూస్తుంది గానీ ఒక్క పిందె నిలవదు. ఏటా దాని తరఫున బతిమాలేది నేనే. “నువ్వే వెళ్లు, మీ ఇద్దరిదీ ఒకటే బాధ” అంటుంది అత్తయ్య, అదేదో నాకు పెద్దపీట వేస్తున్నట్టు.

ఈ ఏడు పూతకాలంలో బొమ్మ కోసం ఆ చెట్టు కింద కూర్చుని ఒక్క పువ్వునే పట్టి పట్టి చూశాను. పొద్దున ఆడపువ్వుగా విచ్చుకుంది, ముడుచుకుంది, మర్నాడు మధ్యాహ్నం మగపువ్వుగా విచ్చుకుని పుప్పొడి రాల్చింది. చెట్టంతా అదే వరస. ఆడపువ్వు తెరుచుకున్న వేళకి పుప్పొడి ఇచ్చే దిక్కు లేదు. నర్సరీలో అడిగితే, “మీ చెట్టుకే రోగమూ లేదక్కా, వేళ కలిసే ఇంకో రకం చెట్టు పక్కన లేదు, అంతే” అంది అక్కడి అమ్మాయి. నాకు నవ్వొచ్చింది, ఆ వెంటనే ఏడుపొచ్చింది. లా పాస్ పట్నం ఆస్పత్రిలో డాక్టరమ్మ నాతో అన్నదీ ఇంచుమించు అదే మరి. “నీలో ఏ లోపమూ లేదు, మీ ఆయన్ని తీసుకురా.” తీసుకురావడమా! “మా నాన్నకి తొమ్మిదిమందిమి. మా ఇంట్లో మగాళ్లకి పరీక్షలేమిటి? అమ్మకి మాత్రం చెప్పకు, నా పరువు పోతుంది” అన్నాడు సెల్విన్. చెప్పలేదు. అతని పరువు నేను మోస్తున్నాను, ఆవిడ మాటలు నేను పడుతున్నాను, మధ్యలో చిక్కుడు గింజలు కూడా నేనే ఏరుతున్నాను.

పండగ ముందురోజు పేజీ పూర్తి చేశాను. అందులో బెల్టు లేదు. పాపా, వాళ్లమ్మా కలిసి చెట్టు పక్కన రెండో మొక్క నాటుతున్నారు. ఎడిటరమ్మ ఏమంటుందో ఏమో. కాగితం మీద తేలికే, నా చేతిలో పని.

పొద్దున అందరూ పెరట్లో చేరారు. ఐరిస్ మొగుడితో, ఆడపిల్లలతో దిగింది. సెల్విన్ ప్యాంటు నుంచి బెల్టు లాగి, ఇంకో చేత్తో జారిపోతున్న ప్యాంటు పట్టుకుని చెట్టుని బాదడం మొదలెట్టాడు.

“కాస్తావా, నరికెయ్యమంటావా?”

“గట్టిగా వెయ్యి అన్నయ్యా, దానికి తగలాలి!” అంది ఐరిస్.

“కోడలికి కూడా ఒకటి తగిలించరా, ఇద్దరూ కలిసి కాస్తారు” అంది అత్తయ్య.

అందరూ గొల్లుమన్నారు. సెల్విన్ కూడా నవ్వాడు. నిజం తెలిసిన మనిషి, వాళ్లతో కలిసి నవ్వాడు. అత్తయ్య మాటలకి నేను అలవాటు పడ్డాను గానీ ఆ నవ్వు మాత్రం తట్టుకోలేకపోయాను.

“వెళ్లవే, నిలబడిపోయావేం?” అంది అత్తయ్య.

వెళ్లాను. చెట్టుకీ బెల్టుకీ మధ్య నిలబడ్డాను. క్షమించమనడానికి నోరు రాలేదు.

“ఈ చెట్టు తప్పేం లేదత్తయ్యా,” అన్నాను. “నా తప్పూ లేదు. పరీక్షలన్నీ చేయించుకున్నాను. నాలో లోపం లేదని చెప్పి, డాక్టరమ్మ మీ అబ్బాయిని రమ్మంది. ఆయన వెళ్లలేదు. మీకు చెప్పొద్దన్నాడు.”

అత్తయ్య కొడుకు వైపు తిరిగింది.

“ఏరా, నిజమేనా?”

సెల్విన్ నన్ను చూశాడు. “ఇప్పుడా చెప్పేది నోల్వియా? ఇంతమంది ముందా?”

“మరి నన్ను ఎంతమంది ముందు అంటున్నారు?”

బెల్టుతో ఎత్తిన అతని చెయ్యి అలాగే ఉంది. నాకు భయం వేయలేదు, చిరాకు కూడా పోయింది.

“ఆ బెల్టు పెట్టుకో” అన్నాను. “పుస్తకం ఇవ్వడానికి రేపు పొద్దున తెగుసిగల్పా బస్సెక్కుతున్నాను. అది లా పాస్ మీదుగానే పోతుంది. నువ్వూ వస్తే ఆస్పత్రి దగ్గర దిగి, పని చూసుకుని, పుస్తకం ఇచ్చేసి ఇద్దరం ఇంటికొద్దాం. రాకపోతే నేను దిగను, మళ్లీ ఈ ఇంటికి రాను.”