పదకొండేళ్ల పాచి

ఆ ముఖలేపనాల కార్ఖానాలో ప్రతి సోమవారం ఉదయం ఎనిమిది గంటలకు హస్తదర్శన మహోత్సవం జరిగేది. అరవైమంది ఆడవాళ్లు వరసగా నిలబడి రెండు చేతులూ ముందుకు చాచేవారు. మేనేజరు తెల్లకోటు ధరించి, తన చేతులు మాత్రం వెనక్కి కట్టుకుని, సైన్యాన్ని పరికించే సేనాధిపతిలా ఆ వరస వెంబడి నడిచేవాడు. పుండు కనిపించినా, పగులు కనిపించినా, ఎర్రటి దద్దురు కనిపించినా ఆ చేతులు గల మనిషి ఆ పూటే గేటు దాటాలి. లోకానికి సౌందర్యం పంచిపెట్టే పవిత్రస్థలంలో వికారమైన చేతులకు చోటు లేదన్నది సంస్థవారి సిద్ధాంతం. ఆ చేతులను వికారం చేసినది ఏమిటన్న విషయం మీద మాత్రం ఆ సిద్ధాంతంలో అధ్యాయం లేదు.

ఆ సోమవారం మేనేజరు, డబ్బాలు నింపే బల్ల దగ్గర పనిచేసే చిన్నదాని ముందు ఆగాడు.

"ఇవేం చేతులు?"

"నావేనండి."

"కాదని ఎవరన్నారు? ఇలా ఎందుకయ్యాయి?"

"క్రీము అంటుకునండి. గ్లవ్సు వారానికి ఒక్క జతే ఇస్తున్నారు. మంగళవారానికల్లా చిరిగి ఊరుకుంటాయి."

"ఇదే క్రీము లక్షలమంది మొహాలకి రాసుకుంటున్నారు. వాళ్లెవరికీ రాని రోగం నీకే వచ్చిందంటే లోపం క్రీములో ఉన్నట్టా, నీలో ఉన్నట్టా?"

"వాళ్లు వేలితో రాసుకుంటారండి. నేను పొద్దుణ్నుంచీ మోచేతుల దాకా అందులోనే ఉంటాను."

తర్కంలో ఓడినవాడు ఏం చేస్తాడో మేనేజరు కూడా అదే చేశాడు. వేలెత్తి గేటు చూపించాడు.

వరసలో ఆమెకు పదిమంది అవతల కవ్వమ్మ నిలబడి ఉంది. కవ్వమ్మ అన్నది తల్లిదండ్రులు పెట్టిన పేరు కాదు. మిక్సింగు గదిలో ఐదువందల లీటర్ల ట్యాంకును తొమ్మిదేళ్లుగా నడుపుతున్నందుకు తోటివాళ్లు ప్రసాదించిన బిరుదు. చిన్నది ఆమెకు స్వయానా తోడికోడలు. అన్నదమ్ములిద్దరూ వలసపనుల మీద దూరాన ఉంటే, ఈ ఇద్దరూ ఒకే గదిలో ఒకే పొయ్యి మీద వండుకుని, ఒకరి పిల్లల్ని ఒకరు తిట్టుకుంటూ బతుకుతున్నారు. చిన్నది తలవంచుకుని ఎదురుగా నడిచిపోతుంటే కవ్వమ్మ చాచిన తన చేతులవైపే చూసుకుంది. మిక్సింగు గదికి మోచేతుల దాకా వచ్చే దళసరి రబ్బరు గ్లవ్సు ఇస్తారు. ఆ చేతులు నున్నగా, నిగనిగలాడుతూ, సంస్థ సిద్ధాంతానికి సజీవ సాక్ష్యంలా ఉన్నాయి.

సాయంత్రం ఇంట్లో చిన్నది ఏడవలేదు. ఏడ్చి ఉంటే కవ్వమ్మకు కాస్త సుఖంగా ఉండేది.

"అక్కా, ఆ మందు పోసేది నువ్వేగా?" అంది.

"ఏ మందు?"

"క్రీము పాడవకుండా పోస్తారే, ఆ ప్రిజర్వేటివ్. ఇదివరకు ట్యాంకుకి ఒక గ్లాసు పోసేదాన్నని నువ్వే చెప్పావు. ఏడాదినుంచీ మూడు పోయిస్తున్నారనీ నువ్వే చెప్పావు."

"పైవాళ్లు పొయ్యమన్నారే."

"పైవాళ్లు అన్నారు. నువ్వు పోశావు. నేను ముంచాను." చిన్నది తన వేళ్లు దీపం వైపు తిప్పి చూసుకుంది. కణుపు కణుపునా చర్మం చీలి నెత్తురు చెమర్చింది. "నీ చేతులు మాత్రం ఎంత బావున్నాయో."

ఆ మాటతో కవ్వమ్మ గుండెలో ఒక పగ పుట్టింది. పుట్టిన క్షణానే నడక నేర్చింది. మహాకావ్యాల్లోని ప్రతీకారాలకు రథాలూ దివ్యాస్త్రాలూ ఉంటాయి. ఈ ప్రతీకారం రబ్బరు బూట్లు తొడుక్కుని మర్నాడు ఉదయం డ్యూటీకి వెళ్లింది. ట్యాంకు చల్లబడి, మందు కలపవలసిన వేళకు కవ్వమ్మ గీతల గ్లాసు నిండా మామూలు నీళ్లు పట్టి, మూడుసార్లూ భక్తిగా పోసింది. ఆ మర్నాడూ అలాగే చేసింది. రెండు ట్యాంకులు. వెయ్యి లీటర్లు. కుళ్లాలి, కొట్ల అద్దాల అరల్లోనే కుళ్లాలి, మూత తీసినవాళ్లంతా ముక్కు మూసుకుని ఆ కంపెనీ పేరు మీద ఉమ్మెయ్యాలి. అంతే ఆమె కోరినది. ఎవరికీ చెప్పలేదు. పగ తనది, పాపం తనది, ఫలం కూడా తనదేననుకుంది.

చదువుతున్న మిత్రులు ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. ఒంటరి పగ ఎంత నిజాయితీగలదైనా దానికి చూపు తక్కువ. అది కొట్టదలచినవాడి చిరునామా కనుక్కోలేక, దగ్గర్లో ఉన్న ఇంటి తలుపే తడుతుంది.

కార్ఖానాలో సొట్టపడిన డబ్బాలు అమ్మకానికి పనికిరావు. వాటిని యజమానిగారు ఔదార్యం ఉప్పొంగి పనివాళ్లకు పంచుతారు. మూడో వారంలో బల్ల దగ్గరి ఆడవాళ్లు ముగ్గురు చిన్నదాన్ని పలకరించడానికి వచ్చి, తమ వంతుకు వచ్చిన సొట్ట డబ్బా ఒకటి ఆమె ఒళ్లో పెట్టి వెళ్లారు. పని పోయిన మనిషికి ఇంకేం ఇవ్వగలరు? కవ్వమ్మ అప్పుడు డ్యూటీలో ఉంది. పని పోయిన సాయంత్రం నుంచీ చిన్నది ఆమెకు తన చేతులు చూపించడమే మానేసింది.

నాలుగోనాడు కవ్వమ్మ ఇంటికి వచ్చేసరికి చిన్నది జ్వరంతో మూలుగుతోంది. కుడిచేయి మణికట్టు దాకా వాచి, చూపుడువేలు నల్లబడింది.

"ఏం రాశావే దీనికి?"

"మన క్రీమేనక్కా. ఇదివరకటిలా మండలేదు. చల్లగా ఉంది. మంచి సరుకు చేస్తున్నారేమోనని మందంగా పట్టించాను."

కవ్వమ్మ డబ్బా తీసి అడుగున అచ్చువేసిన బ్యాచి నంబరు చూసింది. ఆ నంబరు ఆమెకు కొత్త కాదు. మూత తీసింది. ముత్యపు తెలుపు మీద నల్లటి చుక్కలు.

ఆసుపత్రిలో వేలు తీసేశారు. డాక్టరమ్మ చేతులు కడుక్కుంటూ ఉంటే కవ్వమ్మ ఆమె ఎదుట నిలబడి ఉన్నదంతా చెప్పేసింది. చెప్పి, "అంటే ఆ మందు మంచిదాండీ, చెడ్డదాండీ?" అని అడిగింది.

డాక్టరమ్మ కసిరే మనిషి. అయినా కసరలేదు. "ఎంత పోశావన్నదే ప్రశ్న. ఎక్కువైతే చర్మం కాలుతుంది. లేకపోతే క్రిములు పెరుగుతాయి. పగుళ్లున్న చేతికి అవి రాస్తే ఇంకేముంది, ఇదిగో ఇలా. తగినంత పోస్తే నీకూ నాకూ ఏమీ కాదు. అది సరే, ఒక గ్లాసు చాలినచోట మీవాడు మూడెందుకు పోయిస్తున్నాడు? మందేమీ ఊరికే రాదుగా. నీళ్లు చెడ్డవై ఉండాలి, లేకపోతే పైపులు. మురికిని కడగడం మానేసి, మందుతో చంపుతున్నాడు."

కవ్వమ్మ మర్నాడు నేరుగా పైపుల మేస్త్రీ దగ్గరికి వెళ్లింది. తల నెరిసిన మనిషి, ఎప్పుడూ జేబులో రెంచీతో తిరుగుతాడు.

"బాబాయ్, ట్యాంకుకి నీళ్లొచ్చే పైపులు విప్పి ఎన్నాళ్లయింది?"

"నాళ్లు కాదమ్మా, ఏళ్లు. పదకొండు. విప్పి, ఆవిరి పట్టి, మళ్లీ బిగించాలంటే రెండ్రోజులు పని ఆగాలి. అడిగినప్పుడల్లా, నీకు పని లేకపోతే ఇంటికి పో అంటాడు యజమాని దొర."

"లోపల ఏముంటుంది?"

"పాచి. నా బొటనవేలంత మందం. ఎందుకడుగుతున్నావ్?"

శుక్రవారం మధ్యాహ్నం భోజనాల వేళ, అట్టపెట్టెల షెడ్డులో అందరూ కూర్చున్నారు. కవ్వమ్మ నిలబడింది. రెండు ట్యాంకుల సంగతి చెప్పింది. పైపుల సంగతీ చెప్పింది. తొలి సంగతి విన్నాక మలి సంగతి ఎవరి చెవికీ ఎక్కలేదు.

"ఆ డబ్బా నా చేత్తో ఇచ్చానే!" అని బల్ల దగ్గరి పెద్దావిడ లేచింది. "దాని వేలు నేను తీసినట్టయింది కదే, ముండా!"

"ఇంకా ఎన్ని ఇళ్లకి పోయాయో ఆ డబ్బాలు!"

"నోరెత్తకండి. తెలిస్తే అందర్నీ గెంటేస్తాడు."

"గెంటడం కాదు, ఆ దొరని పట్టుకుని అదే ట్యాంకులో ముంచుదాం," అన్నాడు మూటలు మోసేవాడు. "మూడు గ్లాసులూ వాడి నెత్తినే పోద్దాం."

"ముంచితే ఆ ట్యాంకు మళ్లీ నేనే కడగాలి," అంది కవ్వమ్మ.

అప్పుడు చిన్నది షెడ్డులోకి వచ్చింది. కుడిచేతికి కట్టు, ఒంట్లో ఇంకా జ్వరం. గేటు దగ్గర వాచ్‌మన్ ఆ చేతిని చూసి అడ్డుపెట్టలేకపోయాడు. ఆమె నేరుగా కవ్వమ్మ ముందుకు వెళ్లి నిలబడింది.

"నిన్ను క్షమించానని ఎవరూ అనుకోవద్దు," అంది. "నా వేలికి నీ మీద కక్ష ఉంది. అది నేను తీర్చుకుంటాను. ఎప్పుడో, ఎలాగో నా ఇష్టం. కానీ వరసలో నీ కన్నా ముందు ఒకడున్నాడక్కా. నువ్వు రెండ్రోజులు చేసిన దానికి నా వేలు పోయింది. వాడు పదకొండేళ్లుగా చేస్తున్నాడు. మా బల్ల దగ్గర్నుంచే ఎంతమంది గేటు దాటారో లెక్కేసుకోండి. అందరూ మాట్లాడకుండా చేతులు చాచారు. నేనూ చాచాను."

లెక్కేసినవాళ్లకు రెండు చేతుల వేళ్లూ చాలలేదు.

"ఏం చేద్దామంటావు?" అంది పెద్దావిడ.

"వాడికి కడగడమంటే చిరాకు కదా," అంది చిన్నది. "కడుగుదాం."

ఆ తర్వాతి బుధవారం, పసిపిల్లల కోసం చేసిన కొత్త లేపనాన్ని లోకానికి సమర్పించే శుభముహూర్తం. నలభై ఊళ్లనుంచి పెద్ద వర్తకులు వచ్చారు. కార్ఖానా ముంగిట ఎర్ర తివాచీ పరిచారు. యజమాని, సకల చర్మసామ్రాజ్య సార్వభౌముడు, తెల్లని దుస్తుల్లో మైకు ముందు నిలిచి, "మా ఉత్పత్తి తల్లి స్పర్శ వంటిది" అని సెలవిస్తూ ఉండగా లోపల యంత్రాలు ఒక్కొక్కటీ ఆగిపోయాయి.

సమ్మెలు చాలా రకాలు. పని మానడం ఒక సమ్మె. ఆ రోజు జరిగినది పని చెయ్యడమనే సమ్మె. మేస్త్రీ రెంచీ తీశాడు. పదకొండేళ్లుగా మనిషి చెయ్యి సోకని నట్లు కీచుమన్నాయి. అరవైమంది ఆడవాళ్లు బకెట్లు, చీపుళ్లు, బ్రష్షులతో వరస కట్టారు. ట్యాంకు అడుగు తూము తెరిచారు. పైపుల నోళ్లు ముంగిలి కాలువలోకి తిప్పి, ఉన్న ఒత్తిడంతా పెట్టి నీళ్లు వదిలారు.

ముందుగా వాసన వచ్చింది. వర్తకులు రుమాళ్లు వెతుక్కున్నారు. ఆ వెనక పాచి వచ్చింది. ఆకుపచ్చగా, నల్లగా, జిగటగా, ముద్దలు ముద్దలుగా, ఏళ్ల తరబడి చీకట్లో పెరిగిన జంతువేదో కదిలి వచ్చినట్టు కాలువ పొంగి, తివాచీ ఎక్కి, తల్లి స్పర్శను గురించి ఉపన్యసిస్తున్న బూట్ల దగ్గర ఆగింది.

"ఏమిటిది? ఎవరు చెప్పారు మీకు?" అని కేకలేశాడు యజమాని.

"మీ క్రీములోకి వచ్చే నీళ్ల దారండి," అంది పెద్దావిడ, చీపురు దించకుండా. "శుభ్రం చేస్తున్నాం. అతిథులొచ్చారుగా."

కవ్వమ్మ మైకు దగ్గరికి నడిచింది. దాన్ని తన ఎత్తుకు వంచుకుంది.

"ఈ మురికి కప్పెట్టడానికి ట్యాంకుకి మూడింతలు మందు పోయించారు. పోసినదాన్ని నేను. చేతులు పగిలినవాళ్లని వెళ్లగొట్టారు. కోపంతో నేను రెండు ట్యాంకుల్లో అసలు మందే వెయ్యలేదు. అది నా తప్పు. దానికి మా తోడికోడలి వేలు పోయింది. ఈ నంబర్లు రాసుకోండి. ఆ సరుకు అమ్మకండి, అమ్మింది వెనక్కి తెప్పించండి." నంబర్లు రెండుసార్లు చదివింది. "నన్ను పట్టుకెళ్లండి."

నేరస్థురాలు నేరం ఒప్పుకుంది. చిత్రమేమిటంటే, నేరం జరగలేదని వాదించినవాడు యజమాని. ఒప్పుకుంటే సరుకు వెనక్కి తెప్పించాలి, తెప్పిస్తే పరీక్షించాలి, పరీక్షిస్తే మూడు గ్లాసుల బాగోతమూ బయటపడాలి. ఆయన ముఖం పాచిరంగుకు తిరిగింది.

"అబద్ధం! ఈవిడ చాలా నమ్మకమైన మనిషి! అలాంటి పని చెయ్యదు! మా సరుకంతా సురక్షితం!"

"అయితే ఇది కాస్త రాసుకోండి," అని చిన్నది ఎడమచేత్తో ఆ చుక్కల డబ్బా మూత తీసి ఆయన ముందు పట్టుకుంది. "మీరు నమ్మిన మనిషి చేసిందేగా. మొహానికి అక్కర్లేదు. ఒక్క వేలికి."

నలభైమంది వర్తకులు చూస్తున్నారు. యజమాని రెండడుగులు వెనక్కి వేశాడు, పాచి మీద జారి, తివాచీ మీద వెల్లకిలా సాష్టాంగపడ్డాడు. చిన్నది నవ్వింది. వేలు పోయాక అదే మొదటి నవ్వు. అందులో దయ అన్నది లేదు. వర్తకులు ఒక్కరొక్కరే కార్ల వైపు నడిచారు, ఆ రెండు నంబర్లూ కాగితాల మీద రాసుకుని.

పోలీసులు వచ్చి చిక్కులో పడ్డారు. ఒప్పుకున్న నేరానికి ఫిర్యాదుదారు లేడు. చివరకు, అనుమతి లేకుండా యాజమాన్యపు పైపులు కడిగిన నేరం కింద కవ్వమ్మనీ మేస్త్రీనీ వ్యాను ఎక్కించారు. చరిత్రలో శుచిత్వానికి ఇంతటి గౌరవం అరుదుగా దక్కింది.

చిన్నది వ్యాను మెట్టు మీద కాలు పెట్టింది.

"నీ పేరు లేదమ్మా ఇందులో. దిగు," అన్నాడు పోలీసు.

"రాసుకోండి. దీంతో నాకో తగువుంది. అది తేలేదాకా దీన్ని ఒంటరిగా ఎక్కడికీ పోనివ్వను." ఎక్కి కవ్వమ్మ పక్కన కూర్చుంది. ఆమె వైపు చూడలేదు. భుజం మాత్రం భుజానికి తగిలించి ఉంచింది.

బల్ల దగ్గరి పెద్దావిడ వచ్చి వ్యాను ముందు చక్రానికి ఎదురుగా బకెట్టు బోర్లించి దాని మీద కూర్చుంది. ఆమె పక్కన ఇంకొకరు. చూస్తుండగానే రోడ్డు అడ్డంగా అరవై బకెట్లు బోర్లాపడ్డాయి.

రోడ్డుకు అవతల సబ్బుల కార్ఖానా కిటికీల్లో తలలు నిండాయి. పైన నీలం గౌనుల్లో పనివాళ్లు వంగి చూస్తున్నారు.

"ఏం చేశారే వాళ్లు?" అని కేకేసింది ఒకామె.

"పైపులు విప్పి కడిగారు!" అని బకెట్ల మీదినుంచి జవాబు వచ్చింది.

"అంతేనా? దానికి పోలీసులా?"

"లోపలున్నది నలుగురికీ చూపించారు, అందుకు!"

కిటికీలోని ఆమె తన చేతికున్న గ్లవ్సు లాగేసింది. తన వేళ్లవంక చాలాసేపు చూసుకుంది. తర్వాత లోపలికి తిరిగి ఎవరినో పిలిచింది, ఈ రోడ్డుకు వినపడేంత గట్టిగా:

"వొదినా! మన పైపులు విప్పి ఎన్నేళ్లయిందో ఎవరికైనా తెలుసా?"

కాసేపటికి అవతలి కార్ఖానా యంత్రాల చప్పుడు ఆగిపోయింది.