పదునొకండవ మంచము చెంత

ఆషాఢ మేఘమాలికలు మధ్యాహ్న మార్తాండుని మఱుగుపఱచి ధర్మాసుపత్రి పెంకుల కప్పులపై నెడతెగక ధారాపాతముగ వర్షించుచుండ ఫినాయిలు వాసనయు దడిసిన మట్టివాసనయు నొండొంటితో గలసి రోగిశాల లన్నింటను వ్యాపించుచుండెను. ఆ వేళ నర్సుల పాఠశాలలో రెండవ యేటి విద్యార్థిని యగు శేషరత్నము కిటికీ చెంత నిలిచి వీధి గుమ్మమువైపు రెప్పవేయక చూచుచుండెను.

ఆమె చూపునకు గుఱియైనది క్రొత్త యధ్యాపకురాలు కరుణావతమ్మ. రోగుల యాధ్యాత్మికావసరముల గుర్తించుటెట్లో బోధించుటకై యామె నియమింపబడెను. నుదుట బొట్టు లేదు. మెడలో శిలువ లేదు. తరగతిలో నే దేవుని పేరు నెత్తదు. రోగి మనతో జెప్పుకొన్నది మఱొకరి చెవిని వేయరాదని మాత్రము పదేపదే హెచ్చరించును. ఇంత దాపరిక మెందులకని శేషరత్నమునకు లోలోపల నొకటే గుంజాటన. అదియునుగాక ప్రతిదినమును పండ్రెండు గంటల కామె గుమ్మముకడ ఖాకీ దుస్తులవా డొకనితో రహస్యముగ మాటాడి తిన్నగా పదునొకండవ మంచము కడకేగి పక్షవాతపీడితుడైన వృద్ధుడు సూరన్న చెవిలో నేదో చెప్పును. వెంటనే ముసలివాని ముఖము వికసించును. నిస్సహాయుని మతము మార్చుచున్నదని నిశ్చయించుకొని శేషరత్నము ప్రిన్సిపాలునకు ఫిర్యాదు వ్రాసి యిచ్చెను. రోగి చెప్పుకొన్నది వెల్లడింపనని మాత్రము కరుణావతమ్మ ప్రిన్సిపాలుతో ననెను. విచారణ ముగియువఱకు రోగిశాలలో నడుగిడరాదనియు నేరము రుజువైనచో నుద్యోగము పోవుననియు నాజ్ఞ వెలువడెను.

శేషరత్నము గెలిచితినని పొంగెను. కాని సూరన్న గంజి ముట్టుట మానెను. మూడవనా డామె చెంచాతో బలవంతపెట్టగా నతడు వంకరపోయిన నోటితో నిట్లనెను.

"ఆ పంతులమ్మగారు రావట్లేదేంటమ్మా? మా గేదె ఈనిందో లేదో చెప్పేవాళ్లే లేరు. తొలిచూలుది. పొరుగోళ్లకి అప్పజెప్పి వచ్చాను."

చెంచా యట్లే నిలిచిపోయెను. ఖాకీవా డెవ్వడని యామె యడిగెను. తమ యూరి బస్సు కండక్టరని వృద్ధుడు చెప్పెను. సిగ్గుతో నామె ప్రాణము చచ్చిపోయెను. ఇన్నాళ్లును దా నీ ముసలివాని నొక్కమాటయు నడిగి యెఱుగదు.

అప్పటికి పండ్రెండు కావచ్చెను. గొడుగైన లేక వానలో గుమ్మమునకు బరుగెత్తి కండక్టరు నడిగి యంతే వేగమున మరలివచ్చి నీళ్లోడుచు మంచము ప్రక్క మోకరిల్లి పెయ్యదూడ పుట్టినదని యతని చెవిలో మెల్లగ జెప్పెను. సూరన్న కన్నులు చెమర్చెను. గంజి కొఱకు నోరు తెఱచెను.

ఆమె తల యెత్తి చూడగా ద్వారముకడ సహాధ్యాయిని వకుళ కనుబొమలు ముడిచి తేఱిపాఱ జూచుచుండెను. ఆ చూపు శేషరత్నమునకు బాగుగ దెలియును. మొన్నటివఱకు నది తనదే.

"ఆ ముసలివాని చెవిలో నేమి చెప్పితివి?" అని వకుళ యడిగెను.

శేషరత్నము పెదవులదాక వచ్చిన మాటను మ్రింగి గంజిగిన్నె నామె చేతికిచ్చెను.

"ఆయననే యడుగుము."

అంతట దన ఫిర్యాదును వెనుకకు దీసికొనుటకై ప్రిన్సిపాలు గదివైపు నడచెను. వకుళ గిన్నె పట్టుకొని సూరన్నవైపు గాక యామె వీపువైపే చూచుచు నిలిచియుండెను.